ప్రేమయ్యకి అన్నీ ఇక్కడే

ప్రేమయ్యకి దూరమంటే ఏమిటో తెలియదు. ఏ చోటు ఎక్కడుందని ఎవరడిగినా గడ్డం కాస్త పైకెత్తి, ఆ దిక్కుగా ఓసారి విసిరి, "ఇక్కడే!" అనేవాడు. పోస్టాఫీసు ఇక్కడే. చేపల మార్కెట్టు ఇక్కడే. బహ్రెయిన్‌లో తూర్పు కొసనున్న అరాద్‌లో నిలబడి పడమటి కొసనున్న బుదైయా తోటల సంగతి అడిగినా సరే, మధ్యలో ఒక సముద్రపు పాయ, ఒక పట్నం, పది పల్లెలు ఉన్నాయన్న ఆలోచనే లేకుండా "ఇక్కడేనమ్మా" అనేవాడు. నమ్మి బయల్దేరినవాళ్లు పొద్దువాలాక ఇల్లు చేరి, వారం రోజులు కాళ్లు పిసుక్కుంటూ ప్రేమయ్యని తిట్టుకునేవాళ్లు.

బహ్రెయిన్‌లో ఆయన చేతికి అందరికంటే ఎక్కువసార్లు చిక్కింది రూతమ్మ. ఎనభై ఒకటో సంవత్సరం ఆగస్టులో, ఆస్పత్రిలో నర్సు ఉద్యోగానికి, పదకొండేళ్ల కూతురు ఎస్తేరు చెయ్యి పట్టుకుని అరాద్‌లో దిగింది. భర్త తోమాకి సముద్రం అవతల దమ్మాంలో పని. నెలకోసారి కనిపించేవాడు. పక్కవాటాలో ఉండేది ప్రేమయ్య. తనలాగే గోదావరి జిల్లా మనిషి అని తెలిసి రూతమ్మ సంబరపడింది.

"అన్నయ్యా, అమ్మకి ఉత్తరం వెయ్యాలి. పోస్టాఫీసు ఎక్కడ?"

"ఇక్కడేనమ్మా. పద, చూపిస్తాను."

గంటసేపు నడిచారు. నాలుగు మసీదులు దాటారు, రెండు రొట్టెల బట్టీలు దాటారు. రూతమ్మ చెమట తుడుచుకుంటూ, "ఇంకా ఎంత అన్నయ్యా?" అంది.

"అదుగో, ఆ మూల తిరిగితే."

ఆ మూల తిరిగితే ఇంకో మూల వచ్చింది. తలుపులు మూయడానికి ఐదు నిమిషాల ముందు పోస్టాఫీసు చేరారు. ఉత్తరం డబ్బాలో పడేసి రూతమ్మ మెట్ల మీద కూలబడి, ఈ మనిషి మాట ఇంకెప్పుడూ నమ్మనని ఒట్టు పెట్టుకుంది. మర్నాడు దారపుండ కావాల్సివచ్చి మళ్లీ నమ్మింది. ఏం చేస్తుంది? ఆయన ఆ మాట అన్న తీరు అలా ఉండేది. వింటే లేచి చెప్పులు తొడుక్కోబుద్ధేసేది.

లింగన్నదీ ఇదే గోస. నిజామాబాదు వైపు మనిషి, రోడ్లు వేసే కంపెనీలో ప్రేమయ్యతో పని చేసేవాడు. గల్ఫులో ఏ దేశమైనా అతనికి దుబాయే. ఓ శుక్రవారం ప్రేమయ్య వెంట చేపలకని వెళ్లి, తిరిగొచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు.

"ఏందే ప్రేమన్నా, ఇక్కడ్నే ఇక్కడ్నే అన్కుంట తీస్కవోతివి. దుబాయి మొత్తం సుట్టొస్తిమి గదనే! సెప్పులు సూడు, ఎట్ల అరిగినయో."

"వచ్చేశాం కదరా!"

"నేనొచ్చిన. నా పానం ఇంకా తొవ్వలనే ఉన్నది."

అసలు విడ్డూరం ఏమిటంటే, దూరాలు కొలవడమే ప్రేమయ్య ఉద్యోగం. సర్వే వాళ్ల దగ్గర ముప్పై మీటర్ల ఇనుప చైను ఉండేది. దాని ఒక కొస ప్రేమయ్య పట్టేవాడు, రెండో కొస లింగన్న పట్టేవాడు. ప్రేమయ్య చైను వేశాడంటే మళ్లీ చూసుకోనక్కర్లేదని ఇంజనీర్లు చెప్పుకునేవాళ్లు. చైను చేతిలో ఉంటే వేలి వెడల్పు కూడా తప్పని మనిషి, చైను కింద పెట్టగానే ఐదేసి కిలోమీటర్లు మింగేసేవాడు. ఇదేం మనిషో రూతమ్మకి ఆరేళ్లయినా అంతుపట్టలేదు.

ఈ 'ఇక్కడే' వల్ల లాభపడింది ఒక్క ఎస్తేరు. అక్కడ సెలవురోజు శుక్రవారం. ఆ రోజు రాజధాని మనామాలో తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్ ప్రార్థనకి కూడుకునేది. "బస్సెందుకమ్మా, ఇక్కడే!" అని ప్రేమయ్య తల్లీకూతుళ్లని నడిపించుకుని, ముహర్రక్ వంతెన మీదుగా తీసుకుపోయేవాడు. ఆయన నడకే ఒక పరుగు. పదకొండేళ్ల పిల్ల ఆ నడక అందుకోవాలంటే పరిగెత్తక తప్పదు. మొదటి పాట అందుకునేసరికి ప్రేమయ్య, ఎస్తేరు లోపల ఉండేవాళ్లు. రూతమ్మ కానుకల పళ్లెం తిరిగే వేళకి చేరేది. రానూ పోనూ అలా ఐదేళ్లు గడిచాయి. అది పరుగని ఎస్తేరుకి ఎవరూ చెప్పలేదు, దానికీ తోచలేదు.

ఎనభై ఆరు చలికాలంలో స్కూలు ఆటల పోటీల్లో సంగతి బయటపడింది. మూడు వేల మీటర్ల పందెంలో ఎస్తేరు గీత దాటి, ఆగకుండా ఇంకో చుట్టు వెళ్లిపోయింది. రెండో పిల్ల అప్పటికి ఇంకా గీత చేరలేదు. మాస్టారు అడ్డం పడి ఆపితే, ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసి, "అయిపోయిందా సార్? ఇంతేనా?" అంది.

ఆ స్కూల్లో హిందీ చెప్పే సత్యకుమారి ఈ మాట విని, ఆ సాయంత్రమే పైడిపురం కాలేజీకి ఉత్తరం రాసింది. ఆమె చదువుకున్నది అక్కడే. ఫెలోషిప్‌లోనే ఉండే జగ్గారావు, ఓ ట్రేడింగు కంపెనీలో గుమస్తా, చదువుకున్నది రావిపాలెం కాలేజీలో. ఆయన ఉత్తరంతో సరిపెట్టుకోక రావిపాలేనికి ట్రంకాల్ చేశాడు. ఈ రెండు కాలేజీలకీ యూనివర్సిటీ క్రాస్ కంట్రీ షీల్డు కోసం ఏళ్ల తరబడి పోరు. దూరం పరిగెత్తగల ఆడపిల్ల ఏ హైస్కూల్లో ఉందని తెలిసినా రెండు జట్లూ ఆ ఇంటి ముందు వాలిపోయేవి. అలాంటిది, పోరు ఇప్పుడు సముద్రం దాటి వచ్చింది.

జగ్గారావు బూట్లు తెచ్చాడు. సత్యకుమారి అంతకంటే మంచి బూట్లు తెచ్చింది. జగ్గారావు పాలపొడి డబ్బా తెస్తే సత్యకుమారి ఖర్జూరాల పెట్టె తెచ్చింది. రూతమ్మ ఇద్దరికీ టీ ఇచ్చి, ఇద్దరికీ చూద్దాం అంది. ఇంట్లో మాట సాగడం లేదని గ్రహించి, ఇద్దరూ ఎవరూ అడ్డం మాట్లాడలేని చోటు చూసుకున్నారు. ఫెలోషిప్‌లో ప్రార్థన.

జగ్గారావు కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. "పరిశుద్ధుడవైన తండ్రీ, నీ బిడ్డ ఎస్తేరును ఫీజు లేని చోటికి, హాస్టలు ఫ్రీ, మెస్సు ఫ్రీ, ఏడాదికి రెండు జతల బూట్లు ఇచ్చే చోటికి, గోదావరి గట్టున ఉన్న చోటికి నడిపించుము తండ్రీ."

ఆమేన్ అనకముందే సత్యకుమారి అందుకుంది. "ప్రభువా, పైడిపురంలో మూడు జతలిస్తారని నీకు తెలియనిది కాదు. ఆదివారం కోడికూర పెడతారనీ నీకు తెలుసు ప్రభువా."

"బుధవారం కూడా పెడతారు తండ్రీ, రావిపాలెంలో!"

సంఘపెద్ద ఎలియేజరు గారు ఏ ప్రార్థనకి ఆమేన్ అనాలో తెలియక దగ్గుతూ కూర్చునేవారు. బిర్యానీ వేళకి వచ్చి బయట చెప్పుల దగ్గర కాచుకుని ఉండే లింగన్న, లోపలికి తొంగిచూసి, "ఏందన్నా, ఇయ్యాల దేవునికి కబురు లంబా ఉన్నది. బిర్యానీ సల్లారవట్టె" అని గొణిగేవాడు.

మూడు వారాలు ఈ తంతు నడిచాక రూతమ్మ లేచి నిలబడి చెప్పేసింది. "మా అమ్మాయి ఏ కాలేజీకీ వెళ్లదండీ. ఇక్కడే టైపు నేర్చుకుని ఏదో ఆఫీసులో చేరుతుంది."

తోమాకి ఫోను చేస్తే, "నువ్వెలా అంటే అలాగే" అన్నాడు. ఎస్తేరు ఎదురు చెప్పలేదు. కానీ ఆ మర్నాటి నుంచి పొద్దున్నే సముద్రపు ఒడ్డున పరిగెత్తడం మానేసింది. బాల్కనీలో ఆరేసిన బూట్లు తీసి మంచం కిందికి తోసింది. ఊడుస్తున్నప్పుడల్లా చీపురుకి ఆ బూట్లు తగిలేవి. రూతమ్మకి ప్రాణం ఉసూరుమనేది. కూతురి కాళ్లకి తనే సంకెళ్లు వేశానని ఆమెకి తెలుసు. అయినా పంపడానికి ధైర్యం చాలలేదు.

ఓ సాయంత్రం మెట్ల మీద ప్రేమయ్య పలకరిస్తే ఆమె ఉన్నదంతా కక్కేసింది.

"నన్ను పదిహేడేళ్లకి నర్సింగు హాస్టల్లో వేశారు అన్నయ్యా. ఒక పక్క ప్రహరీ కూలిపోయి ఉండేది. ఎవరొచ్చినా అడిగే దిక్కు లేదు. మూడేళ్లు తలగడ కింద కత్తెర పెట్టుకుని పడుకున్నాను. ఇప్పుడు దీన్ని పంపమంటున్నారు. బూట్లు ఎన్ని జతలో చెప్తారు, కోడికూర ఎన్ని రోజులో చెప్తారు. గోడ ఎంత ఎత్తుందో, రాత్రి గేటు దగ్గర ఎవరుంటారో ఒక్కరైనా చెప్పారా?"

ప్రేమయ్య గడ్డం పైకెత్తలేదు. 

"వాళ్లకి మాట ఎప్పటిలోగా ఇవ్వాలమ్మా?"

"మార్చి నెలాఖరు. ఇచ్చేదేముందిలే."

ఫిబ్రవరిలో ప్రేమయ్య సెలవు మీద ఊరెళ్లాడు. రెండేళ్లకోసారి వచ్చే నలభై రోజుల సెలవు. మార్చి మధ్యలో ఆవకాయ జాడీతో తిరిగొచ్చాడు. ఊళ్లో అందరూ బాగున్నారా అంటే బాగున్నారన్నాడు, అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ వచ్చిన రెండో శుక్రవారం, ప్రార్థన అయ్యాక, జగ్గారావు ఒక ఉత్తరం పట్టుకుని లేచాడు. రావిపాలెం ప్రిన్సిపాల్ గారు రాసింది. అందరికీ వినపడేలా చదివాడు.

"... తమరు పరదేశంలో మన కాలేజీ పేరు నిలబెడుతున్నందుకు సంతోషం. అయితే ఫిబ్రవరి ఇరవయ్యారున పట్టపగలు, సుమారు యాభై ఏళ్ల వ్యక్తి ఒకడు మెడలో ఇనుప చైను వేసుకుని, మన బాలికల హాస్టలు ప్రహరీ ఎక్కి పట్టుబడ్డాడు. బహ్రెయిన్ నుంచి వచ్చానని, పేరు ప్రేమయ్య అని, కావాలంటే తమరిని అడగమని చెప్పాడు. ఇటువంటి వారిని తమరు ఎందుకు పంపుతున్నారో తెలియజేయగలరు."

 హాల్లో అందరి నోటా ఒకేసారి మాట వచ్చింది.

"ఇది పైడిపురం వాళ్ల కుట్ర!" అని జగ్గారావు అరిచాడు. "మా కాలేజీకి గోడలెక్కే ఖర్మ పట్టలేదండీ" అని సత్యకుమారి అరిచింది. ఇలాంటి మనిషిని ఫెలోషిప్‌లోంచి వెలివెయ్యాలని జగ్గారావు పట్టుబట్టాడు. గొడవ విని లింగన్న చెప్పుల మీంచి లేచి లోపలికొచ్చాడు. "మా ప్రేమన్న అసొంటోడు గాదు సార్! గోడెక్కిండంటే గోడకే ఏదో పని వడి ఉంటది!"

రూతమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆరేళ్లుగా తన ఇంట్లో అన్నం తిన్న మనిషి. ఆడపిల్ల ఉన్న ఇల్లు.

"అన్నయ్యా, నిజమేనా?"

"నిజమేనమ్మా. ఎక్కాను."

"సిగ్గు లేదా?"

"పగలే ఎక్కానమ్మా. రాత్రయితే దొంగ అనుకుంటారని."

ప్రేమయ్య చొక్కా జేబులోంచి సర్వే వాళ్లు లెక్కలు రాసుకునే చిన్న పసుపు అట్ట పుస్తకం తీశాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. చైను వేసిన రోజు ఇంజనీరుకి అప్పజెప్పే గొంతుతో చదవడం మొదలుపెట్టాడు.

"రావిపాలెం. హాస్టలు గేటు నుంచి పరుగుల మైదానం, నాలుగు వందల పన్నెండు మీటర్లు. మధ్యలో లైటు స్తంభాలు తొమ్మిది, వెలిగేవి ఎనిమిది. గేటు నుంచి ఆస్పత్రి, ఆరు వందల నలభై. పోలీసు స్టేషను, తొమ్మిది వందల డెబ్భై. చర్చి, రెండు వందల ఆరు. స్నానాల గదులు లోపలే, పన్నెండు. గడియలు పన్నెండూ గట్టివే. ఇది పట్టుకున్నాక వాళ్లే చూపించారు. నీ పుట్టిల్లు, ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. దీనికి మాత్రం చైను వెయ్యలేదమ్మా, బస్సు కండక్టరు మాట."

రూతమ్మకి ఒక్కొక్కటే కలిసొచ్చి అర్థమైంది. బొంబాయి ఎయిర్‌పోర్టులో ఈయన పెట్టె విప్పించి, సబ్బుల కింద ముప్పై మీటర్ల చైను చూసి కస్టమ్స్ వాళ్లు గంటన్నర కూర్చోబెట్టారని లింగన్న మొన్న నవ్వుతూ చెప్పాడు. కంపెనీలో పారేసిన పాత చైను ఊరికెందుకు మోసుకెళ్లాడో ఆమెకి అప్పుడు తట్టలేదు. పేజీల మీది తేదీలు చూస్తే, నలభై రోజుల సెలవులో పదకొండు రోజులు పెళ్లాం పిల్లల్ని వదిలి ఈయన తిరిగింది ఇందుకన్నమాట. పుస్తకమంతా వెతికినా ఒక్క 'ఇక్కడే' లేదు.

"ప్రహరీ," అని ప్రేమయ్య పేజీ తిప్పాడు, "ఏడడుగుల రెండంగుళాలు. ఎక్కడా పగుళ్లు లేవు."

"కొలిచావు సరే, ఎక్కడం దేనికి అన్నయ్యా?"

"కొలిస్తే ఎత్తే తెలుస్తుంది కదమ్మా. ఎక్కినవాణ్ణి ఎవరైనా అడుగుతారో లేదో, ఎక్కితేనే తెలిసేది."

సత్యకుమారి ముందుకొచ్చింది. "మరి పైడిపురం వెళ్లలేదా? మా ప్రహరీ ఎనిమిదడుగులు!"

"ఎనిమిదడుగుల నాలుగంగుళాలమ్మా. చాలా మంచి గోడ. దాన్నీ ఎక్కాను." ప్రేమయ్య ఇబ్బందిగా కళ్లజోడు తుడుచుకున్నాడు. "లోపలికి దిగాను. వరండా అంతా తిరిగాను. కుండలో నీళ్లు తాగాను. అరగంట అరుగు మీద కూర్చుని పేపరు చదివాను. ఎవరూ ఏమీ అనలేదు. గేటులోంచి బయటికొస్తుంటే అక్కడున్నాయన నాకు నమస్కారం కూడా పెట్టాడు."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎలియేజరు గారు మళ్లీ దగ్గడం మొదలుపెట్టారు.

"రావిపాలెంలో ఒక కాలు లోపలికి వేశానో లేదో, వీరమ్మ అని హాస్టలు ఆయా, దుడ్డుకర్రతో వచ్చి భుజం మీద ఒక్కటిచ్చింది. బిడ్డలు చదువుకునే చోట నీకేం పనిరా అని ఇంకోటిచ్చింది. ప్రిన్సిపాల్ వచ్చి ఆపేదాకా ఇస్తూనే ఉంది." ప్రేమయ్య మొహం వెలిగిపోయింది. "చాలా మంచి మనిషమ్మా. పిల్లని అక్కడికే పంపు."

రూతమ్మ నర్సు కదా, చెయ్యి దానంతటదే వెళ్లి ఆయన కాలరు పక్కకి జరిపింది. నెల కావస్తున్నా భుజం మీద పచ్చగా మచ్చ కనిపిస్తూనే ఉంది. ఆమెకి ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది, ఏది ముందు రానివ్వాలో తెలియలేదు.

"ఇన్నేళ్లూ మాకు మాత్రం ఇక్కడే ఇక్కడే అని ఎందుకు చెప్పావన్నయ్యా? మీటర్లతో సహా తెలిసినవాడివి!"

"ఆ రోజు పోస్టాఫీసు ఐదు కిలోమీటర్లని చెప్తే నువ్వు ఉత్తరం వేసేదానివామ్మా? గదిలో కూర్చుని ఏడ్చేదానివి. బయల్దేరేదాకానే భయం. అడుగు పడ్డాక ఎవరైనా నడిచేస్తారు. పక్కన నేనుంటాను కదా, ఎంత దూరమైతే ఏం?" అని ఆగి, ఎస్తేరు వైపు చూశాడు. "అక్కడ దీని పక్కన నేనుండను. అందుకని దీనికి మాత్రం సరిగ్గా కొలవాల్సొచ్చింది."

రూతమ్మ కూతురి వైపు తిరిగింది. 

"బూట్లు తీసి ఎండలో పెట్టు" అంది రూతమ్మ. "మంచం కింద ఉంటే బూజు పడతాయి."

జగ్గారావు కుర్చీలు తోసుకుంటూ వచ్చి ప్రేమయ్యని కావలించుకున్నాడు. "నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నానండీ, ప్రేమయ్య గారు మన కాలేజీ మనిషని!" భుజం నొక్కుకుని ప్రేమయ్య అబ్బా అన్నాడు. సత్యకుమారి ఆ సాయంత్రం పైడిపురానికి ఎనిమిది పేజీల ఉత్తరం రాసింది, అందులో గేటు దగ్గరి ఆయన గురించే ఆరు పేజీలు. అయినా మనసున్న మనిషి. జూన్‌లో ఎస్తేరు ప్రయాణమయ్యే రోజున వచ్చి, పైడిపురం తరఫున కొన్న బూట్లు పెట్టెలో పెట్టి, "మా వాళ్లని ఓడించేటప్పుడు ఇవి వేసుకోవే" అని ముద్దు పెట్టుకుంది.

రూతమ్మ ఆ పెట్టెలోనే వీరమ్మకని ఒక సిల్కు చీర, నాలుగు బ్యాటరీల టార్చిలైటు సర్దింది.

జూలైలో ఎస్తేరు మొదటి ఉత్తరం వచ్చింది. రూతమ్మ పక్కవాటా తలుపు కొట్టి, గుమ్మంలో నిలబడే చదివి వినిపించింది. పొద్దున్నే ఆరుగురు ఆడపిల్లలు గోదావరి గట్టున పరిగెడుతున్నారట. రాత్రి హాయిగా నిద్ర పడుతోందట. వీరమ్మ టార్చిలైటు పట్టుకుని గంటకోసారి హాస్టలు చుట్టూ తిరుగుతోందట. "ఆ చైను మామయ్య మళ్లీ వస్తే ఈసారి గేటులోంచి రమ్మను, అన్నం పెడతానంటోంది అమ్మా."

ప్రేమయ్య విని, భుజం తడుముకుని, చాలాసేపు నవ్వుకున్నాడు.

"తప్పకుండా వస్తానని రాయమ్మా," అన్నాడు. "కానీ అన్నం పెట్టేటప్పుడు కూడా ఆ కర్ర మాత్రం చేతిలోంచి దించొద్దని చెప్పు."